నెల్లిమర్ల రోడ్డులో ఓ జర్మన్ బండి

విజయనగరం దాటి నెల్లిమర్ల వైపు వెళ్లే రోడ్డు పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డుకి బోర్డు లేదు. ముందు వరసలో రెండు ఆటోలు, బానెట్ ఊడదీసిన ఓ బొలేరో. వాటిని దాటి లోపలికెళ్తే సంగతి వేరు. లిఫ్టు మీద ఒక బెంజి చక్రాలు లేకుండా వేలాడుతోంది. మూలన తార్పాలిన్ పరిచి విప్పిన ఇంజను భాగాలు వరసగా పేర్చారు. ఒక్కోదానికి తెల్లటి టేపు ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో నంబరు. గోడకి పైడితల్లి అమ్మవారి క్యాలెండరు, దాని కింద బల్ల మీద గ్రీజు మరకల ల్యాప్‌టాప్.

నన్నక్కడికి తీసుకెళ్లింది మా మేనల్లుడు. భోగాపురం, పూసపాటిరేగ మధ్య లేఅవుట్లలో ప్లాట్లు అమ్మిపెడుతుంటాడు. విమానాశ్రయం మాట గట్టిపడ్డాక అక్కడి భూముల ధరలూ పెరిగాయి, వాడి చొక్కాల ధరలూ పెరిగాయి. ఇప్పుడు కారు వంతు. కొత్తప్పుడు నలభై లక్షల దాకా పలికిన జర్మన్ డీజిలు సెడాన్, 2013 మోడలు, ఐదు లక్షల డెబ్బై అయిదు వేలకి వస్తోందట. మీటరు 86,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఆటో కన్సల్టెన్సీ వాళ్లు చూపించుకోమని తాళాలిచ్చి, ఒక కుర్రాణ్ణి కూడా తోడు పంపారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఇంత వయసొచ్చిన బండి విషయంలో కంపెనీని అనడానికేమీ లేదు.

మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. హైదరాబాదులో ఒక కంపెనీ సర్వీసు సెంటర్లో చాలాకాలం పనిచేసి, తల్లికి బాగోలేక ఊరొచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నాడు. మేం బండి దిగుతుంటే బానెట్ వైపు చూడలేదు. నంబరు ప్లేటు చూశాడు.

“ఇది మన బండి కాదు బాబూ” అన్నాడు.

మా వాడు నవ్వాడు. “ఏపీ నంబరే కదా మేస్త్రిగారూ, 39 కదా?”

“అందుకే సెప్తన్నాను. పదమూడులో ఇక్కడ కొన్న బండయితే శ్రీకాకుళానికి 30, విశాఖకి 31, మనకి 35 ఉండాల. ఈ ముప్పైతొమ్మిది ఎప్పుడొచ్చినాది?”

2019లో వచ్చింది. అప్పటి నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్. అంటే ఈ బండి తన తొలి ఏళ్లు ఇంకో రాష్ట్రంలో గడిపి, ఆ తర్వాతే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంది. ఆర్‌సీ చూస్తే అంతే, ఢిల్లీ. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రైబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 2025లో కొంత వెసులుబాటు దొరికినా, ఆ లోపే పదేళ్లు దగ్గరపడిన డీజిలు బండ్లు ఎన్‌ఓసీ పట్టుకుని దేశం నలుమూలలా చెదిరిపోయాయి. అక్కడ గడువు దగ్గరపడినదానికి ఇక్కడ పదిహేనేళ్ల దాకా ఆర్‌సీ ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. చవకకి సగం కారణం అదే. ఢిల్లీ బండి కావడం తప్పేం కాదు. కన్సల్టెన్సీ కుర్రాడు మాత్రం అంతకుముందే, “విశాఖ డాక్టరుగారి బండి సార్, సింగిల్ ఓనర్” అన్నాడు.

మేస్త్రి బానెట్ ఎత్తి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. వేడిగా ఉంది. మేం వచ్చిన దూరం ఎంతో అడిగాడు. ఊళ్లోంచే. అంత కొంచెం దూరానికి అంత వేడెక్కదట. పొద్దున్నే స్టార్టు చేసి కాసేపు తిప్పి అప్పుడు తాళాలిచ్చి ఉంటారు. చల్లటి ఇంజను చెప్పే నిజాలు వేడి ఇంజను చెప్పదు: స్టార్టయ్యేటప్పుడు చెయిన్ గలగల, నీలం పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు, తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ ఎక్కడో లోపలికి పోతున్నట్టు. “రేత్రి ఇక్కడ వదిలీండి, పొద్దున నేను స్టార్టు సేస్తాను” అన్నాడు. కుర్రాడు ఫోన్ తీసి పక్కకి వెళ్లాడు.

ఆ లోపు ల్యాప్‌టాప్ కేబులు స్టీరింగ్ కింద గుచ్చారు. ఈ భాగం గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను అనుకున్నది వేరు. మీటరు తిప్పడమంటే పాత అంబాసిడర్ రోజుల్లో కేబులు ఊడదీసి డ్రిల్లు పెట్టి వెనక్కి తిప్పడమే గుర్తు. ఇప్పుడు డాష్‌బోర్డులో అంకె ఒక చిప్పులో ఉంటుంది, దాన్ని మార్చే పెట్టెలు సంతలో దొరుకుతాయి. కానీ ఇలాంటి బండ్లలో కిలోమీటర్ల లెక్క ఒక్క చోటే ఉండదు. ఇంజను కంప్యూటరు ఒకటి, గేర్‌బాక్సుది ఒకటి, కొన్నిట్లో తాళం చెవిలో కూడా. ఎప్పుడైనా ఏదైనా ఫాల్ట్ వస్తే, అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో పక్కన రాసి పెట్టుకుంటుంది. మీటరు తిప్పినవాడు అన్ని చోట్లా వెతికి చెరపడు, ఓపిక ఉండదు.

తెర మీద వరసలు దిగాయి. గేర్‌బాక్సు మాడ్యూల్లో ఒక పాత ఫాల్ట్. పక్కన అంకె: 1,71,304.

మా వాడి మొహం చూసి జాలేసింది. మేస్త్రికి మాత్రం పెద్ద పట్టింపు లేనట్టుంది. “లక్షా డెబ్బై ఎక్కువేటి కాదు” అన్నాడు. “ఎనభయ్యారని సెప్పడమే ఎక్కువ.”

అతను చెప్పింది ఇదీ. హైవే మీద తిరిగిన లక్షన్నర కిలోమీటర్లు ఊరి ట్రాఫిక్‌లో తిరిగిన అరవై వేల కన్నా ఇంజనుకి మేలు. కిలోమీటర్లు ఎక్కువని తెలిసి కొంటే ఏ వయసులో ఏ భాగం మార్చాలో లెక్క దొరుకుతుంది. అంకె అబద్ధమైతే లెక్కే పోతుంది. ఎనభయ్యారు వేలనుకుని గేర్‌బాక్సు ఆయిల్‌కి ఇంకా టైముందనుకుంటాం. నిజానికి ఆ టైము ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

బెల్జియంలో 2006 నుంచి ఏ గ్యారేజికి వెళ్లినా మీటరు అంకె ఒక కేంద్ర పట్టికలో చేరుతుంది. పాత కారు అమ్మేవాడు ఆ కాగితం ఇవ్వాల్సిందే. మనకు అలాంటిది లేదు. ఇన్సూరెన్సు తనిఖీలు, సర్వీసు బిల్లులు దొరికితే వాటిని పక్కపక్కన పెట్టి మనమే పట్టిక కట్టుకోవాలి.

షెడ్డు వెనక, వేపచెట్టు నీడన ఇంకో సెడాన్ ఆగి ఉంది. అదే తరం, అదే వయసు. ముందు సీటు తోలు ఒక పక్క అరిగి తెల్లబడింది. పలాస జీడిపప్పు వ్యాపారిదట. మీటరు మీద 2,41,000 దాటింది. అది అసలు అంకే. డాష్‌బోర్డు అరలోంచి మేస్త్రి ఒక ప్లాస్టిక్ ఫైలు తీసి చూపించాడు. బిల్లులు తేదీల వారీగా ఉన్నాయి. గేర్‌బాక్సు ఆయిలు రెండుసార్లు మార్చారు. కొన్ని కంపెనీలు ఆ ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదంటాయి. ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థ మాత్రం ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల లోపు మార్చమంటుంది. ఏది ఎవరి జీవితాంతమో ఆలోచించుకోవాలి. కంపెనీ దృష్టిలో బండి జీవితం మొదటి యజమాని అమ్మేసే దాకానే కావచ్చు. లోయర్ ఆర్మ్ బుష్షులు, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఇంజెక్టర్ సీళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా మారాయి. ఆ వ్యాపారి ఎప్పుడూ పాడయ్యాక రాలేదట. పలాస నుంచి విశాఖ వెళ్తూ దారి మళ్లించుకుని ఇక్కడ ఆగుతాడు.

“ఖర్చు మాట సెప్పండి మేస్త్రిగారూ” అన్నాడు మా వాడు, తన బండి వైపు చూస్తూ.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా, ఈ బండ్లు అలాంటివే. బండి ధర నలభై నుంచి అయిదూ డెబ్బై అయిదుకి దిగింది. పార్టు ధర దిగలేదు. ఇంజెక్టరు ఆనాడు నలభై లక్షల బండిది, ఈనాడూ నలభై లక్షల బండిదే. మేస్త్రి అంచనాలు నోటితోనే చెప్పాడు: గేర్‌బాక్సు ఆయిలు, ఫిల్టరు కలిసి ముప్పై, నలభై వేలు. ముందు సస్పెన్షన్ ఆర్ములన్నీ మారిస్తే ఎనభై. ఇంజెక్టర్లు ఒక్కోటి పాతిక పైన. ఇవి మామూలు అరుగుదల. అసలు భయం కొన్ని ఇంజన్లకి పుట్టుకతో వచ్చిన లక్షణాలది. 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిలులో టైమింగ్ చెయిన్ ముందు కాక వెనక, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. తొలి ఏళ్ల ఇంజన్లలో అది అరిగి తెగిన కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. చెయిన్ చిన్నదే, కానీ దాన్ని చేరాలంటే ఇంజనో గేర్‌బాక్సో దింపాలి. ఆ తరం ఆడీల్లో మల్టీట్రానిక్ అనే గేర్‌బాక్సు వచ్చేది. తర్వాత ఆడీయే దాన్ని మానేసింది. తార్పాలిన్ మీద నంబర్లేసి పేర్చిన భాగాలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

దానికి తోడు దూరం. కంపెనీల సర్వీసు సెంటర్లు విశాఖలో, అరవై కిలోమీటర్లు. నడిచే బండికి అది గంటన్నర దారి, ఆగిపోయిన బండికి ఫ్లాట్‌బెడ్ బాడుగ. చాలా జర్మన్ బండ్లలో స్టెప్నీ ఉండదు, పంక్చరైనా కొంత దూరం పోయే రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. సాలూరు ఘాట్లోనో, పాతపట్నం దాటాకనో ఆ టైరు చీలితే సైజు దొరికేది విశాఖలోనే. హైదరాబాదులో ఇలాంటి బండి కొనడం ఒక నిర్ణయం, ఇక్కడ కొనడం ఇంకో నిర్ణయం. పార్టు రావడానికి వారం పట్టినా బండి లేకుండా పని గడిచేవాడికే ఇది కుదురుతుంది. అంటే ఇంట్లో ఇంకో మామూలు బండి ఉండి తీరాలి.

నీళ్లలో మునిగిన బండ్ల సంగతి నేనే అడిగాను. 2014లో హుద్‌హుద్, 2015లో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు. ప్రతిసారీ మునిగిన వాహనాలు ఇన్సూరెన్సు చేతుల్లోంచి వేలానికీ, వేలంలోంచి మళ్లీ రోడ్డుకీ వచ్చాయి. మేస్త్రి సీటు బెల్టుని చివరిదాకా బయటకి లాగి చూపించాడు. కడిగేవాళ్లు కార్పెట్ కడుగుతారు, సీట్లు కడుగుతారు, బెల్టు చివరి జానెడు మర్చిపోతారు. ఈ బండి బెల్టు శుభ్రంగానే ఉంది. ఇగ్నిషన్ వేసినప్పుడు ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఆరింది, అదీ మంచిదే. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేసినట్టు. న్యాయంగా చెప్పాలంటే బండి మరీ చెత్తదేం కాదు.

కాగితాల విషయంలో మా మేనల్లుడికి నేను చెప్పాల్సింది ఒక్కటే. ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరునే ఉంది. సంతకం పెట్టిన 29, 30 నంబరు ఫారాలు కన్సల్టెన్సీ డ్రాయర్లో తేదీ లేకుండా పడి ఉన్నాయి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. పేరు మారకుండా తాళాలు తీసుకుంటే అటు అమ్మినవాడికీ నిద్ర ఉండదు, ఇటు కొన్నవాడికీ ఉండదు.

టీ తాగుతూ మావాడు తన వాదన చెప్పాడు. అందులో పస లేకపోలేదు. “మావయ్యా, ప్లాటు చూడ్డానికి హైదరాబాదు పార్టీ వస్తే, నేను స్విఫ్ట్ దిగితే వాళ్లు గజం రేటు బేరమాడతారు. ఇది దిగితే ఫ్యామిలీ గురించి అడుగుతారు.” వాడికి బండి అంటే ప్రయాణం కాదు, వ్యాపారపు బోర్డు. అలాగైతే పార్టీ వచ్చిన రోజున విశాఖ నుంచి బాడుగకి తెచ్చుకో అన్నాను. తలుపు మీద ట్యాక్సీ నంబరు ఉంటుంది కదా అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, మేస్త్రి దగ్గరా లేదు.

వాడి లెక్కలో వదిలేసింది మాత్రం ఉంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారాక పెద్ద కార్ల మీద సెస్సు పోయి పన్ను నలభై శాతానికి దిగింది. కొత్తవి కొంత చవకయ్యేసరికి పాతవాటి ధరలూ జారాయి. ఇవాళ అయిదూ డెబ్బై అయిదుకి కొన్నది రెండేళ్ల తర్వాత, 2028లో ఆర్‌సీ గడువు ముగిసే ముందు, ఎవరు ఎంతకి కొంటారు? మేస్త్రి మాటల్ని బట్టి నేను వేసుకున్న లెక్క ఇది: కొన్న ధరలో సగం, అంటే రెండున్నర, మూడు లక్షలు, మొదటి ఏడాదిలోనే షెడ్డులో దిగుతాయని పక్కన పెట్టుకోవాలి. అవి చేతిలో ఉండి, అయిదు లక్షలకే కొంటే పర్వాలేదు. అప్పు చేసి కొంటే మాత్రం వద్దు.

పాత కార్ల సంత మీద జార్జ్ అకర్లాఫ్ 1970లో ఒక వ్యాసం అచ్చేయించుకున్నాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో అతనికి నోబెల్ వచ్చింది. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియదు కాబట్టి కొనేవాడు అన్నింటికీ తక్కువ ధరే ఇస్తాడు, ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు సంతకి రాడు అని అతని వాదన. మేస్త్రికి ఇది చెబితే, “దీనికి నోబెల్ ఇచ్చినారేటి?” అన్నాడు.

కన్సల్టెన్సీ కుర్రాడు ఫోన్ ముగించి వచ్చాడు. రాత్రికి బండి వదిలే వీల్లేదట, వేరే పార్టీ వస్తోందట. అయితే మీకోసం అయిదు లక్షలా ఇరవై వేలకి చేస్తారట. అంటే నేను వేసిన లెక్కకి ఇంకో ఇరవై వేల దూరంలోకి వచ్చింది. మా వాడు నా వైపు చూశాడు. నేను ల్యాప్‌టాప్ తెర వైపు చూపించాను. కుర్రాడు ఆ అంకెని చదివి, ఏమీ మాట్లాడకుండా తాళాలు అడిగి తీసుకున్నాడు.

స్కానింగ్‌కి, తనిఖీకి మేస్త్రి రెండు వేలు తీసుకున్నాడు. డబ్బులిస్తూ మా వాడు వేపచెట్టు వైపు తల తిప్పి అడిగాడు: “ఆ పలాస బండి ఏమైనా అమ్ముతారంటారా?”

“ఆరుగురడిగినారు నీకన్నా ముందు” అన్నాడు మేస్త్రి, నోట్లు జేబులో పెట్టుకుంటూ. “అమ్మడు బాబూ. అమ్మితే మొదట నేనే కొనీస్తాను.”