పెద్దమ్మ అడిగిన లెక్క

ఇటు జరిగి కూర్చోండి, నెగడు బాగా అంటుకుంది. ములకలపల్లి అడవి చలికి ఇదే మందు. చలి కాచుకుంటూ ఒక మాట చెప్పుకుందాం.

2022 జులైలో గోదావరి పోటెత్తితే భద్రాచలం నుంచి మా పెద్దమ్మ మూటాముల్లె సర్దుకుని మా ఇంటికొచ్చేసింది. టీవీ నిండా అంకెలే. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 16వ తేదీన 71.3 అడుగులకు పోయింది. 1986లో 75.6 వచ్చాక మళ్లీ అంత ఎత్తు అదే. పెద్దమ్మ అడిగింది మాత్రం ఒకటే: "అవన్నీ కాదురా, మన గడప మునిగిందా లేదా?"

నేను చెప్పలేకపోయాను. 53 అడుగులంటే వీధిలో 53 అడుగుల లోతు కాదు కదండీ, అది ఏటి గట్టున కొలబద్ద చూపే మట్టం.

ఆ జవాబు చెప్పగలదనే నాకు వర్చువల్ రియాలిటీ అంటే ఇంత ఇష్టం. విమానం నుంచి లేజర్ కిరణాలు నేలకు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఊరి ఎత్తుపల్లాలు కొలుస్తారు. ఆ నేల మీదికి కంప్యూటర్‌లో వరద వదులుతారు. కాగితం మీద అదంతా ఒక నీలి మరక. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకున్నారనుకోండి, మీ వీధిలోనే నిలబడతారు. తల తిప్పితే పక్కిల్లు కనిపిస్తుంది. మట్టం 53 నుంచి 60కి పెంచితే ముందు ఏ దారి మూసుకుపోతుందో కళ్లారా చూస్తారు.

1992లో షికాగోలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 'కేవ్' అనే గది తయారుచేసి చూపించారు. గోడల మీదా నేల మీదా బొమ్మలే. ప్రత్యేకమైన కళ్లజోళ్లు పెట్టుకుని నలుగురూ ఒకేసారి లోపల నిలబడొచ్చు. మనకు కావలసింది అలాంటి గదే. అందులో ఇంజనీరు పక్కన మా పెద్దమ్మ నిలబడాలి. ఎందుకంటారా? ఏ తూములోంచి నీళ్లు ముందుగా ఎగదన్నుతాయో, ఏ సందు ఈమధ్య మెరక చేశారో ఆమెకు తెలుసు. "ఇక్కడ తప్పురా" అని ఆమె అంటే లెక్క సరిదిద్దుకోవాలి.

వరద తీశాక పెద్దమ్మ వంటింటి గోడ మీది బురద చార మీద అరచెయ్యి ఆనించి, "ఇగో, ఈడిదాకా" అంది. ఆ చెయ్యి అదే చోట, వరదకు నెల ముందే ఆనాలండీ. అప్పుడు బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఇల్లు కదలాలో ఆమే చెబుతుంది.