ఎముకల లెక్క

మా నాన్న పుట్టినరోజు జులై 1. బళ్ళో వేసినప్పుడు హెడ్మాస్టరుగారు రాసేసిన తేదీ అది. జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 94వ సెక్షన్ ప్రకారం వయసు మీద అనుమానమొస్తే ముందు చూసేది ఆ బడి కాగితమే. అది లేకపోతే మునిసిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం. ఏదీ లేని పిల్లలకే ఎక్స్‌రే.

మణికట్టు, మోచేయి, తుంటి దగ్గర ఎముక కొసలు నడిమి భాగంతో అతుక్కున్నాయా లేదా అని చూస్తారు. అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునేది కాలర్‌బోన్ లోపలి కొస, సాధారణంగా ఇరవై దాటాక. పోల్చి చూడ్డానికి పేరున్న పుస్తకం గ్రాయిలిక్-పైల్ అట్లాసు. అందులోని బొమ్మలు 1930ల నుంచి అమెరికాలో క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల తీసినవి, కలిగిన ఇళ్ళ తెల్లపిల్లలవి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ట్రెయినింగ్ డేటా ఒక ఊరిది, వాడకం లోకమంతా! తిండి చాలని పిల్లల ఎముకలు వయసుకంటే వెనకబడతాయన్నది తెలిసిన సంగతే.

జయమాల కేసులో (1982) సుప్రీంకోర్టు ఈ పరీక్షలో అటూ ఇటూ రెండేళ్ళ తేడా ఉండొచ్చంది. అంటే రిపోర్టులో పదిహేడున్న కుర్రాడు పదిహేనూ కావచ్చు, పంతొమ్మిదీ కావచ్చు. చట్టం గీత 18 దగ్గర ఉంది. గీతకి అటైతే పెద్దల జైలు. నాకు భయం వేసేది ఎక్స్‌రే మసకని చూసి కాదు, 94(3) చదివి: బోర్డు నమోదుచేసిన వయసే, ఆ చట్టం వరకూ, అసలు వయసు.