దిండిలో కొబ్బరి లెక్కలు

రాజోలు నుంచి చించినాడ వంతెనకు వెళ్లే దారిలో దిండి వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ కొబ్బరి తోటలు, ఊరి అంచున వశిష్ఠ గోదావరి, వంతెన దాటితే పశ్చిమ గోదావరి జిల్లా. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హౌస్‌బోటు ఎక్కడానికి వస్తారు. నేను మాత్రం చిన్నపిల్లలు ఇంటి దగ్గర లెక్కలు ఎలా నేర్చుకుంటున్నారో చూద్దామని వచ్చాను. ఈ ప్రాంతంలో చాలాకాలంగా పాఠాలు చెబుతున్న ఓ టీచరుగారు తోడు వచ్చారు.

ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించి ‘అసర్’ నివేదిక ఇస్తుంది. 2024 నివేదిక ప్రకారం దేశం మొత్తమ్మీద పల్లెల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు చేయడం రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026-27ను గడువుగా పెట్టుకుంది. బడి తన పని తాను చేయాల్సిందే. మరి బడి వదిలాక ఇంటిలో ఏం జరుగుతోంది?

మేం వెళ్లేసరికి ఒక దొడ్లో కొబ్బరి దింపు అయిపోయి కాయలు రాశి పోసి ఉన్నాయి. ఒకాయన చేతికి రెండేసి చొప్పున నాలుగు కాయలు పట్టుకుని పక్కకి విసురుతూ లెక్కపెడుతున్నాడు. మొదటి విసురు ‘లాభం’, తర్వాత రెండు, మూడు. ఇరవై అయిదు విసుర్లైతే వంద కాయలు. ప్రతి వందకీ ఓ ఎనిమిదేళ్ల పాప ఈనెపుల్ల ఒకటి విరిచి నేల మీద పెడుతోంది. పాప వాళ్ల నాయనమ్మ కాస్త ఎడంగా నీడన కూర్చుని అంతా గమనిస్తోంది. లెక్క ముగిసేసరికి నేల మీద పన్నెండు పుల్లలున్నాయి, పైన పదమూడు విసుర్లు మిగిలాయి.

“ఎన్నయినాయే?” అంది నాయనమ్మ.

పాప వేళ్లు మడవలేదు. “పది ఇసుర్లు నలభై. ఇంకో మూడు పన్నెండు. యాభై రెండు. పన్నెండొందల యాభై రెండు” అంది. అది సరైన జవాబే.

టీచరుగారు పలక తెప్పించి పదమూడు ఇంటూ నాలుగు వేసిచ్చారు. పాప కింద 412 అని రాసింది. నాలుగు మూళ్లు పన్నెండు, నాలుగు ఒకట్లు నాలుగు, రెండూ పక్కపక్కనే వేసేసింది. తప్పు కొట్టకుండా టీచరుగారు ఒక్క మాట అడిగారు: “అమ్మలూ, పదమూడు విసుర్లకి నాలుగొందల పన్నెండు కాయలొస్తాయా?” పాప రాశి వంక చూసి, “రావండీ” అంది. అప్పుడు పలక మీద పదికి నలభై, మూడుకి పన్నెండు ఒకదాని కింద ఒకటి రాయించి కూడించారు. “నువ్వు ఇందాక నోటితో చేసిందే ఇది. రాత ఒక్కటే కొత్త” అని చెప్పారు.

ఆ పలక చూడగానే బ్రెజిల్‌లో జరిగిన ఒక అధ్యయనం గుర్తొచ్చింది. 1985లో అచ్చైన ఆ అధ్యయనం కోసం రెసిఫే నగరంలో తెరెజిన్హా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే పరిశోధకులు వీధిలో సరుకులమ్మే అయిదుగురు పిల్లల్ని పరిశీలించారు. వాళ్లలో ఒకడు పన్నెండేళ్ల కొబ్బరికాయల కుర్రాడు. కాయ 35 అయితే నాలుగు కాయలెంత అని కొనేవాళ్లలా అడిగితే, మూడు కాయల ధర 105కి ఇంకో కాయ ధర కలుపుకుని 140 అన్నాడు. అదే 35 ఇంటూ 4 అని కాగితం మీద ఇస్తే 200 వేశాడు. ఆ పిల్లలు వీధి లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పారు. కాగితం మీద అంకెలు మాత్రమే ఇచ్చినప్పుడు అది 37 శాతానికి పడిపోయింది. మన దేశంలోనూ అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్ని పరిశీలించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఇటువంటి ఫలితాన్నే ప్రచురించింది. బేరంలో తడుముకోని పిల్లలు పుస్తకం లెక్క దగ్గర ఆగిపోతున్నారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలేమో బజారు లెక్క దగ్గర తడబడుతున్నారు.

కాబట్టి దొడ్లో లెక్క వస్తే బడి లెక్క దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. రెంటినీ ఎవరో ఒకరు కలపాలి. టీచరుగారు పలక మీద చేసింది ఆ పనే.

నాయనమ్మతో మాట్లాడాను. “నేనేం సెప్తానండీ, ఏలిముద్రదాన్ని. దాని సదువు మాకేం తెలుస్తాది?” అంది. గోదావరి జిల్లాల్లో ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. పాప తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. రాజోలు వైపు ఇలా గల్ఫ్ వెళ్లిన తల్లులు ఎందరో. వాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతున్నారు. చదువు రాని పెద్దవాళ్లు పిల్లల లెక్కల జోలికి వెళ్లకూడదన్న భయం ఆ ఇళ్లలో బలంగా ఉంది. కానీ ‘ఎన్నయినాయే’ అని అడిగింది ఆ నాయనమ్మే. పాప తన బుర్రతో లెక్క కట్టింది ఆ ప్రశ్నకే.

మధ్యాహ్నం అంగన్‌వాడీకి వెళ్లాం. నాలుగేళ్ల బాబు వన్ నుంచి ఫిఫ్టీ దాకా గడగడా అప్పజెప్పాడు. టీచరమ్మ చింతపిక్కల గిన్నె ముందు పెట్టి “ఏడు పిక్కలియ్యి నాన్నా” అంటే గుప్పెడు తీసి ఇచ్చాడు. అంకెల పేర్లు వరుసగా చెప్పడం ఒకటి, ఆఖరున చెప్పిన అంకె మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం మరొకటి. ఈ రెండోది చిన్నపిల్లలకి నెలల తరబడి మెల్లగా పట్టుబడుతుంది. ఆవిడ అతని వేలు పట్టుకుని ఒక్కో పిక్కా జరిపిస్తూ ఏడు దగ్గర ఆపి, “మొత్తం ఎన్ని?” అని అడిగింది. ఒకటికి పదిసార్లు అలాగే. “అప్పజెప్పితే తల్లులు మురిసిపోతారండీ. ఇంటికాడ గిన్నెలో పిక్కలేసి అడగమని సెప్తూంటాను” అంది.

సాయంత్రం అరుగుల మీద అష్టాచెమ్మా మొదలైంది. నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా ఎనిమిది. మిగతాప్పుడు వెల్లకిలా పడ్డవి ఎన్నో అన్ని గళ్లు. “దాన్ని సంపాలంటే నాకు మూడు పడాలి” అంటున్న కుర్రాడు గళ్లను ముందే లెక్కేసుకున్నాడు. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో అచ్చైన ఓ అధ్యయనం కోసం అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లల చేత, ఒకటి నుంచి పది దాకా అంకెలు వరుసగా వేసిన గళ్లపట్టీ ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ పావుగంట, ఇరవై నిమిషాలు. అంతమాత్రానికే ఏ అంకె పెద్దదో పోల్చడం, అంకెల్ని గుర్తుపట్టడం మెరుగైంది. మన ఇళ్లలోని వైకుంఠపాళిలోనూ అంకెలు వరుసగా ఉంటాయి. సెలవుల్లో దాన్ని పైనుంచి దింపి పిల్లల ముందు పరిస్తే చాలు.

చీకటి పడ్డాక పాప వాళ్ల అమ్మకి వీడియో కాల్ చేసింది. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. “ఇక్కడ ఏడున్నర, అక్కడ అయిదు. అమ్మ ఖాళీగా ఉంటాది” అని చెప్పి మరీ నొక్కింది. గంటల తీసివేత ఆ పాపకి ఎవరూ పాఠంగా చెప్పలేదు. అమ్మతో మాట్లాడాలన్న కోరిక నేర్పింది.

తెలుగులో లెక్కలకి పాత చరిత్రే ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇప్పుడు బడిలో లెక్కలు ఇంగ్లిషులో చెబుతున్నా, ఇంటిలో తెలుగులో అడిగితే పిల్లలకి నష్టమేమీ లేదు. ఆలోచన ఒక భాషలో కుదురుకుంటే రెండో భాషలో పేర్లు నేర్చుకోవడమే మిగులుతుంది.

దిండిలో చూసినదాన్ని బట్టి అమ్మానాన్నలకి, అంతకంటే ముఖ్యంగా అమ్మమ్మలకి, తాతయ్యలకి నేను చెప్పేది ఇది. కాయలైనా, గుడ్లైనా, అన్నం కంచాలైనా పిల్లల చేత లెక్కపెట్టించండి. జవాబు రాగానే “ఎలా వచ్చింది?” అని అడగండి, తప్పైనా సరే, ఒప్పైనా సరే. తప్పైతే తిట్టకండి, వస్తువుల దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూపించండి. నోటితో చేసిన లెక్కని అదే రోజు పలక మీద రాయించండి. రాయించడం మీకు రాకపోతే బడిలో టీచరుని అడగమనండి. టీచర్లు కూడా పిల్లల్ని వాళ్ల దొడ్లో లెక్క అడిగి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, ట్యూషన్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. రోజూ ఓ పావుగంట ఓపిగ్గా పిల్లల పక్కన కూర్చోండి.