ఇందా నుంచి ఇచ్ఛాపురానికి సైకిలు దారి

పిల్లలూ, ఇందాలో మనం రోజూ తిరిగే రోడ్డును ఓటీ రోడ్డు అంటాం. ఓటీ అంటే ఏమిటని అడిగితే ఏడో తరగతిలో ఎవరూ చెప్పలేదు. ఒరిస్సా ట్రంక్ రోడ్డు. రైలు రాకముందు పూరీ జగన్నాథుణ్ణి చూడబోయే బెంగాలీ యాత్రికులు కాలినడకన, ఎడ్లబండ్ల మీద వెళ్లిన పాత దారి అది. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఆ దిక్కునే కటక్ దాకా పోయి, ఇంకా ముందుకు సాగి తెలుగు నేల మీదికి వస్తుంది. ఈ డిసెంబరు సెలవుల్లో ఇందా నుంచి ఇచ్ఛాపురం దాకా సైకిలు మీద వెళ్లాలనుకున్నాను. దారి వేసే పని ఏడో తరగతి తెలుగు పిల్లలకు అప్పజెప్పాను.

మొదట దూరం. అట్లాసులో దారి వంపుల వెంట దారం పరిచి, దాన్ని తిన్నగా లాగి స్కేలు మీద కొలిచారు. సుమారు 500 కిలోమీటర్లు తేలింది. చిన్న పటంలో చిన్న వంపులు కనబడవు గనక అసలు దారి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. రోజుకు 70, 75 కిలోమీటర్లు చొప్పున లెక్క వేశాం. "ఒకేరోజు 150 తొక్కలేరా మాస్టారూ?" అని ఒకడు అడిగాడు. తొక్కొచ్చు, మర్నాడు లేవడమే కష్టం. 1926లో కలకత్తా నుంచి సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరిన నలుగురిలో ఒకరైన బిమల్ ముఖర్జీ తిరిగొచ్చింది 1937లో అని చెప్పాను. ఆ తర్వాత తొందర మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత కాలం. వేసవి సెలవులు పెద్దవే గానీ ఆ ఎండలో తొక్కలేం. అక్టోబరులో తుపానుల భయం. చలికాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. దక్షిణానికి పోయేవాడికి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టే. పొద్దున పొగమంచు, సాయంత్రం త్వరగా చీకటి. అందుకని ఏడు దాటాక బయల్దేరి నాలుగున్నరకల్లా ఆగాలి.

రాత్రి మజిలీలు ఏడు: జలేశ్వర్, సోరో, పానికోయిలి, కటక్, ఖుర్దా, బాలుగావ్, బరంపురం. ఎనిమిదో రోజు పొద్దున ఇచ్ఛాపురం. మధ్యలో సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది, ఋషికుల్య దాటాలి. బాలుగావ్ తర్వాత చాలాసేపు చిలికా సరస్సు ఎడమవైపునే ఉంటుంది. తిరుగు ప్రయాణానికి సైకిలును రైలు బ్రేకువ్యానులో బుక్ చేస్తాను.

ఈ దారి మనలో చాలామందికి రైల్లో తెలుసు. రాత్రి ఖరగ్‌పూర్‌లో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి పలాస. మధ్య ఊళ్లన్నీ నిద్రలో పోతాయి. బెంగాలీ ఒక చోట ఆగిపోయి తెలుగు ఇంకో చోట మొదలైనట్టు అనిపిస్తుంది. నేల మీద అలా ఉండదు. దాంతన్ వైపు బెంగాలీలోనే ఒడియా కలిసి ఉంటుంది. ఒడిశాలోనే ఉన్న బరంపురం బజారులో తెలుగు వినిపిస్తుంది. ఆ బరంపురంలోనే 1894లో వి.వి. గిరి గారు పుట్టారు. మన తాతముత్తాతల్లో ఎందరో పనిచేసిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికుల సమ్మెను నడిపించి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. మన ఖరగ్‌పూర్‌కు, ఆ ఊరికి అంత దగ్గరి చుట్టరికం.

దారి సగం వేశామో లేదో, ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారికి బిలాస్‌పూర్ బదిలీ ఆర్డరు వచ్చింది. వాడు పెన్సిలు కింద పెట్టేశాడు. "డిసెంబరుకి నేనుండను కదా మాస్టారూ, నేనెందుకు గీయాలి?" అన్నాడు. నాకు ఇది ఐదో పోస్టింగు. 'మీదే ఊరు?' అని ఎవరైనా అడిగితే నేనూ ఒక్క క్షణం ఆగుతాను. డిసెంబరుకి నేనిక్కడ ఉంటానని నాకూ ఎవరూ హామీ ఇవ్వలేదు. వాడికి ఆ మాటే చెప్పాను. దారి తెలిసినవాడు గీస్తే, ఉన్నవాడు వెళ్తాడు. జలేశ్వర్ వాడి అమ్మమ్మగారి ఊరు. అక్కడ ఎక్కడ దిగాలో, ఎక్కడ తినాలో వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

వాడు జలేశ్వర్ మజిలీ పూర్తిచేశాడు. తర్వాత అడక్కుండానే దారం తీసుకుని ఖరగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ దాకా రైలు గీత వెంట పరిచాడు. టాటానగర్, రూర్కెలా, ఝార్సుగూడ, రాయ్‌గఢ్. సుమారు 600 కిలోమీటర్లు. "ఇచ్ఛాపురం కన్నా కాస్తే ఎక్కువ" అన్నాడు.

ఆ కాగితం మా తరగతి గోడకు ఉంది. ఈలోగా నాకూ ఆర్డరు వస్తే మీలో పెద్దయ్యాక ఎవరైనా దాన్ని పట్టుకుని బయల్దేరవచ్చు. ఈసారి మీ ఇంట్లో బదిలీ మాట వినిపిస్తే, సామాను కట్టే ముందు అట్లాసు తెరిచి ఒక దారం పరచండి. కొత్త ఊరు ఎంత దూరమో తర్వాత చూద్దురుగాని. ముందు, మధ్యలో ఏయే ఊళ్లున్నాయో చదవండి.