వాలు అక్షరాల వయ్యారం

శుభలేఖ చేతికి రాగానే మీరు మొదట ఏం చూస్తారు? ముహూర్తమా, భోజనాల వేళా? నేను మాత్రం అక్షరాలు చూస్తాను. ముఖ్యంగా ఇంగ్లీషు వైపు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పేర్లు వేసే ఆ లావుపాటి వాలు అక్షరాలు. పట్టుచీర కట్టిన బొద్దుపాటి పిన్నిగారు కాస్త ముందుకు వంగి, "తప్పకుండా రావాలి సుమా!" అని చెయ్యి పట్టుకున్నట్టుంటాయి. మన అక్షరానికి తలకట్టు ఉన్నట్టే వాటి కొసలకూ చిన్న చిన్న అంచులుంటాయి. సెరిఫ్ అంటారు వాటిని.

ఈ వాలు అక్షరానికి పుట్టిల్లు వెనిస్ నగరం. 1501లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా వేశాడు. ఫ్రాంచెస్కో గ్రిఫో అనే పనివాడు ఆనాటి చేతిరాతను చూసి ఆ అచ్చు చెక్కాడు. అప్పట్లో పద్యాలన్నీ వాలు అక్షరాలే! ఏదో ఒక మాటను నొక్కి చెప్పడానికి వాడటం తర్వాత వచ్చిన అలవాటు. లావు అక్షరమేమో పందొమ్మిదో శతాబ్దపు వ్యాపార ప్రకటనలతో పైకొచ్చింది. రెండూ కలిస్తే ఇంకేముంది, మీదికి వంగి మరీ కేకేసినట్టే! అందుకే పోపులో ఇంగువలా వాడాలి. పేజీ అంతా గుప్పిస్తే ఏ మాటా వినబడదు.

మన తెలుగుకు ఈ వాలు అంతగా అబ్బలేదు. ఇంగ్లీషులో అసలైన ఇటాలిక్‌కు రూపమే వేరుగా గీస్తారు. కంప్యూటరు మన గుండ్రటి అక్షరాన్ని ఉన్నపళంగా పక్కకు తోసేస్తుంది, నీళ్ళబిందె ఒరిగినట్టు. అయినా నొక్కి చెప్పడానికి మనకు అక్షరాన్ని వంచాలా ఏమిటి? "నేను" కాస్తా "నేనే" అయితే చాలదూ?

మా అన్న కూతురి పెళ్ళికి తొలి శుభలేఖ కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు పెట్టాలనుకున్నాం. అన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆహ్వానించేవారుగా పెదనాన్న పేరే వేయాలి, వదిన పేరు శుభలేఖలో కూడదు అన్నారు పెద్దవాళ్ళు.

"ఆ సామి ముందు అబద్ధమాడకూడదు కదత్తా! నన్ను పెంచి పెళ్ళి చేస్తా ఉండేది మా అమ్మ. ఆమె పేరు లేని కార్డు అక్కడెట్లా పెట్టేది?" అంది పిల్ల.

ప్రమాణాలకు పేరుపడ్డ సన్నిధి అది. తప్పు చేసినవాడు అక్కడ ప్రమాణం చేయడానికి జంకుతాడని ప్రతీతి. పెద్దవాళ్ళు మళ్ళీ నోరెత్తలేదు.

ప్రెస్సు అబ్బాయి, "అమ్మగారి పేరు కూడా లావుగా, వాలుగా వేసేదా?" అని అడిగాడు. పిల్ల ఊఁ అంది. వదిన మాత్రం ఒప్పుకోలేదు.

"నాకెందుకమ్మే ఆ వయ్యారాలు? నా పేరు నిలువుగా ఉండనీ."

అలాగే వేయించాం. ఆ కార్డు అందుకున్న చుట్టాల్లో పెళ్ళికూతురి పేరు ఏ అక్షరాల్లో ఉందో ఒక్కరికీ గుర్తులేదు. వదిన పేరు ఉన్న సంగతి మాత్రం పెళ్ళిపందిట్లో అందరూ చెప్పుకున్నారు.