ఈ రాళ్లెవరు పేర్చారు?

మా ఇబ్రహీంపట్నం కొత్తగా చూసేవాళ్లు తిట్టినా నేను ఏమీ అనుకోను. ఎండను తిట్టండి, సాగర్ రోడ్డు మీద లారీలను తిట్టండి, మేమూ గొంతు కలుపుతాం. కానీ కళ్లు ఇంతింత చేసుకుని ఆశ్చర్యపోతే మాత్రం ఒళ్లు మండుతుంది. అందులోనూ ఆ ఆశ్చర్యపోయేది వియ్యంకుడైతే పైకి ఏమీ అనలేం కూడా.

ఆయనది అమలాపురం దగ్గర పల్లె. మావాడూ వాళ్ల అమ్మాయీ ఆదిబట్లలో ఒకే చోట ఉద్యోగం చేస్తూ ఒకరికొకరు నచ్చారు. మిగతా కథ అందరిళ్లలో జరిగేదే. ఇల్లు చూడటానికి వచ్చిన నాడు బొంగుళూరు దాటాక ఆయన కారు అద్దం దించి, మెడ బయటపెట్టి, "బావగారూ, ఈ రాళ్లెవరు పేర్చారండీ?" అన్నారు.

ఎవరు పేరుస్తారు? కూలీలను పెట్టి పేర్పించామా? అది దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గడ్డకట్టిన రాయి. పగుళ్ల వెంట నీళ్లు దిగి, మట్టిలో ఉండగానే మూలలు అరిగి గుండ్రబడింది. తర్వాత పైమట్టి వానలకు కొట్టుకుపోయింది. ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నట్టు కనబడతాయి గానీ ఏ గుండూ ఎక్కడికీ ఎక్కలేదు. చుట్టూ ఉన్న నేలే కిందికి దిగిపోయింది. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మరి పడిపోవాండీ?" అన్నారు. వచ్చిన ప్రతివాడూ అడిగే రెండో ప్రశ్న అదే.

గుండును చూసి భయపడేవాడు చిన్నప్పుడు బండ మీద వెన్ను వాల్చి ఉండడు. చలికాలం పొద్దుగూకేవేళ బండ పగటి ఎండనంతా దాచుకుని వెచ్చగా ఉండేది. మా నాయనమ్మ మిరపకాయలు ఎండబోసేది దాని మీదే, జొన్నకంకులు కొట్టించేది దాని మీదే. మేం లాగులు చిరిగేలా జారేది కూడా దాని మీదే. చిరిగిన లాగు దాచుకోవడానికి గుండ్ల సందులుండేవి. సీతాఫలాలు మాగబెట్టుకోవడానికీ అవే సందులు. ఎవరు ఏ సందులో దాచారో ఊళ్లో పిల్లలందరికీ తెలుసు, అందుకే ఏ కాయా పూర్తిగా మాగిన పాపాన పోలేదు. తాటికమ్మల బొమ్మల గురించీ కాలువ ఈతల గురించీ కోస్తావాళ్లు పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నారు, మేం చదివి ఆనందించాం. బండ సుఖం గురించి కూడా ఎవరైనా రాయాలి కదా.

సరే, పెళ్లికి మేం అటు వెళ్లాం. నాలుగు బస్సులు. తెల్లారి లేచి చూస్తే చుట్టూ ఆకుపచ్చ తప్ప ఇంకేం లేదు. కొబ్బరిచెట్లు కంటికి అడ్డం, వాటి వెనక ఇంకా కొబ్బరిచెట్లే. మా దగ్గర ఎటు పోయినా గుట్టను చూసి దారి పట్టేస్తాం. అక్కడ ప్రతి కాలువా ఒకేలా ఉంది, ప్రతి వంతెనా ఒకేలా ఉంది. ఇంటి గడపా కాలువ నీళ్లూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. మా చిన్నాయన రాత్రంతా మంచం మీద లేచి కూర్చుని నీళ్ల వైపే చూశాడట. పొద్దున్నే కుక్క మొరుగుతుంటే అదిలిద్దామని కిందికి వంగితే చేతికి రాయి దొరకలేదు. వాకిలంతా వెతికాడు, వీధి చివరిదాకా వెళ్లాడు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రులో రాయి ఎక్కడిది? "ఇదేం దేశంరా, కుక్కనెట్ల కొట్టాలె!" అని ఆయన వాపోయిన మాట ఇప్పటికీ మా చుట్టాలిళ్లలో తిరుగుతూనే ఉంది.

ఇక భోజనాలు. మర్యాదకు లోటు లేదు, నిజానికి మర్యాదే కాస్త ఎక్కువైంది. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పూర్ణాలు, వాటి మీద గిన్నెతో నెయ్యి. మావాళ్లు అన్నీ తిన్నారు, తింటూ ఎదురుచూశారు. పప్పు అయింది, పులుసు అయింది, పెరుగు కూడా వచ్చేసింది. వరసలో ఏ మూలా యాటకూర జాడ లేదు. పెళ్లిపందిట్లో మాంసం పెట్టరని మావాళ్లకు నేను ముందే చెప్పి ఉండాల్సిందని మా ఆవిడ వాదన. అది చెప్పాల్సిన విషయమని ఎవరికి తడుతుంది? సూర్యుడు తూర్పున వస్తాడని ఎవరికైనా ముందే చెబుతామా? పులస గురించి మాత్రం వాళ్లు గంటసేపు చెప్పారు, పుస్తెలమ్మైనా తినాలట. అది వానాకాలపు చేప, మేం వెళ్లింది మాఘమాసంలో.

వాళ్లు మా రిసెప్షన్‌కు వచ్చినప్పుడు బగారన్నం, యాటకూర, తలకాయ కూర, బోటీ, అన్నీ పెట్టాం. వియ్యంకుడు విస్తరి చూసి, "ఇది పెళ్లి భోజనమేనాండీ?" అన్నారు. మళ్లీ ఆ ఆశ్చర్యం!

వాళ్ల ఊళ్లో నాకు నచ్చినదొకటుంది. కాటన్ దొర విగ్రహం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన మనిషిని వాళ్లు ఇంట్లో పెద్దాయనలా తలుచుకుంటారు. మాకు నీళ్లిచ్చిన మనిషి పేరు ఊరి బోర్డు మీదే ఉన్నా, బస్సు దిగినవాడు దాన్ని చదివి ఊరుకుంటాడు. ఇబ్రహీం కుతుబ్ షా తన అన్న జంషీద్ చేతికి చిక్కకుండా గోల్కొండ వదిలి విజయనగరం చేరాడు. అక్కడ అళియ రామరాయల కొలువులో ఏడేళ్లు తలదాచుకున్నాడు. భాష కొత్త, తిండి కొత్త, మర్యాదలు కొత్త. కళ్లు ఇంతింత చేసుకుని ఉంటే అర్థం చేసుకోవచ్చు. ఆయన మాత్రం తెలుగు వంటబట్టించుకుని తిరిగొచ్చాడు. 1550లో గద్దె ఎక్కాక తెలుగు కవులను చేరదీశాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. కవులు ఆయన్ను ముద్దుగా మల్కిభరాముడని పిలుచుకున్నారు.

ఈ కథ నేను వియ్యంకుడికి చెబుతూ, 1565లో అదే రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి దండెత్తినవాడూ ఆయనేనని కూడా చెప్పాను. ఏడేళ్లు అన్నం పెట్టిన ఇంటి మీదికి! వియ్యంకుడు చాలాసేపు ఆలోచించి, "ఇప్పుడు మీ ఇంట్లో అన్నం తింటున్నది మా అమ్మాయి కదండీ, జాగ్రత్త మరి" అన్నారు. ఆ క్షణానికి ఆయన మీది కోపం సగం పోయింది.

ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదని చెప్పుకునే మా పెద్దచెరువు కట్ట ఇప్పటికీ ఉంది. నీళ్ల సంగతే వేరు. వాగులకు అడ్డంగా కట్టలు వెలిశాయి, కాలువల మీద ప్లాట్లు వెలిశాయి, ఏళ్ల తరబడి చెరువు నోరు తెరుచుకుని ఉండిపోయింది. నాగార్జునసాగర్‌కు పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. అక్కడి కృష్ణ నీళ్లు గున్‌గల్ మీదుగా పట్నానికి పోతాయి. ఇక 2022 వానలకు మా చెరువు అలుగు దుమికినప్పుడు చూడాలి! ముసలివాళ్లను మోటారుసైకిళ్ల వెనక కూర్చోబెట్టుకుని మరీ తెచ్చారు. ఆ రోజు మేమే నోళ్లు తెరిచి చూశాం, ఒప్పుకుంటాను. అది వేరు.

నా దిగులంతా గుండ్ల గురించే. 1996లోనే హైదరాబాద్‌లో కొందరు 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని సంఘం పెట్టుకున్నారు. టోపీలు పెట్టుకుని, నీళ్ల సీసాలు పట్టుకుని రాళ్ల వెంట తిరుగుతారు. మొదట నవ్వాను, ఇప్పుడు నవ్వడం లేదు. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు ఇప్పుడు అద్దాల మేడల వెనక ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఇటు మా వైపు కంప్రెషర్ల చప్పుడు, మధ్యాహ్నం తూటా పేలుడు, సాయంత్రానికి గుట్ట కంకర అయి లారీ ఎక్కుతుంది. కోట్ల ఏళ్లు పట్టినది ఒక సీజన్‌లో అయిపోతుంది. నేను జారిన బండ ఉన్నచోట ఇప్పుడొక వెంచరు వేశారు. గేటు దగ్గర అందంగా ఉంటుందని సిమెంటుతో గుండ్లు పోయించి, గోధుమరంగు వేయించి, మోటారు పెట్టి పైనుంచి నీళ్లు వదులుతున్నారు. దగ్గరికి వెళ్లి వేలితో కొట్టి చూస్తే లోపల డొల్ల. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ముట్టకుండ్రి సార్, రంగు పోతది" అన్నాడు.