త్రాసు చెప్పిన తీర్పు

వైశాఖమాసపు మధ్యాహ్నమున ఉప్పలు నుండి బయలుదేరి, భూమ్యాకర్షణమును సూక్ష్మముగా కొలుచు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రహరీ ప్రక్కగా, హబ్సిగూడ మీదుగా నాచారము పారిశ్రామికవాడ చేరి, లేతు యంత్రముల రొద నడుమనున్న యొక చిన్న కర్మశాలలో అడుగిడితిని. అచ్చట, ఆ యాకర్షణమునే ఎదిరింపవలసిన రేడియో విమానమొకటి, బల్సా కఱ్ఱ పక్కటెముకలపై పలుచని పొర కప్పుకొని, 2.6 మీటర్ల రెక్కలు చాచి బల్లపై నుండెను. అది జర్మనీవారి ఎక్‌స్ట్రా 300కు నమూనా. ముక్కున ఎదురెదురు సిలిండర్ల 100 సీసీ పెట్రోలు ఇంజను.

"దీని శక్తి యెంత?" అని నేనడుగగా యజమాని నవ్వి, "హార్స్‌పవర్ అందరు అడుగుతరు సార్, తూకం ఎవ్వరు అడగరు" అనెను.

అసలు విమానమునకు 300 అశ్వశక్తి. విన్యాసముల వేళ దాని బరువు 800 కిలోలకు పైమాట. అనగా కిలో యొక్కింటికి 0.4 అశ్వశక్తియైన దక్కదు. ఈ నమూనాకో 12 కిలోల బరువునకు సుమారు 10 అశ్వశక్తి గలదు. మనుష్యునెక్కించుకొన్న ఆ పెద్దది చేయలేని పనిని, ముక్కు మింటికెత్తి ప్రొపెల్లరు బలముననే గాలిలో నిలువుగా నిలుచుటను, ఇది చేయుట అందువలననే.

పెరటిలో తోకకు త్రాడు కట్టి, స్ప్రింగు త్రాసు తగిలించి, ఇనుప స్తంభమునకు బంధించి ఇంజను తిప్పగా, 27 అంగుళముల కొయ్య ప్రొపెల్లరు వేపాకులను చెదరగొట్టుచుండ, ముల్లు 21 కిలోల దగ్గర వణకుచు నిలిచెను.

"చలికాలం పొద్దుగాల ఇదే 23 దాక లాగింది సార్. ఎండకు గాలి పల్చబడ్తది."

నిజమే. సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున, 40 డిగ్రీల ఎండలో, గాలి ప్రామాణిక సాంద్రతకంటె ఇంచుమించు ఎనిమిదవ వంతు పలుచన. ఇంజను పీల్చుటకును, ప్రొపెల్లరు నెట్టుటకును గాలి కొఱవడును.

"అట్లయిన పెద్ద ఇంజను పెట్టరాదా?" అంటిని. పెట్టినచో టాంకు పెరుగవలెను, ముందుగోడ మందము కావలెను, ముక్కు బరువునకు సరితూగ తోకకు సీసము కట్టవలెనని చెప్పుచునే ఆయన బ్యాటరీ పలకకు రంధ్రములు తొలిచి, రాలిన పొట్టును తూచి, 9 గ్రాములు తగ్గెనని సంతసించెను.

శక్తి ఎండకు తరుగును, ఎత్తునకు తరుగును. బరువు మాత్రము మాఘమున నెంతయో వైశాఖమున నంతయే. కావున ఇంజను కొనబోవు మిత్రులారా, ముందుగా నొక మంచి త్రాసు కొనుడు.